బండి దిగిన విత్తనం ఎక్కడికి పోతుంది?

సంక్రాంతి నాడు జహీరాబాద్ ప్రాంతంలో ఏదో ఒక ఊరి నుంచి ఎడ్లబండ్లు బయల్దేరతాయి. బండ్లకు కంకులు, పూలు, తోరణాలు. పైన మట్టికుండల్లో, గంపల్లో విత్తనాలు: పచ్చజొన్న, తెల్లజొన్న, సజ్జ, కొర్ర, సామ, తైద, కంది, అనుము, ఉలవ, బొబ్బర, కుసుమ, అవిశ, వెర్రినువ్వు. ముందు డప్పులు, పాటలు, కోలాటం. అలా ఊరూరూ తిరుగుతూ నెల గడిచాక, ఫిబ్రవరి నడుమ ఝరాసంగం మండలం మాచునూర్‌లో జాతర ముగుస్తుంది. పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు రెండు దశాబ్దాలకు పైగా జరుపుతున్న పాత పంటల జాతర ఇది.

పంచాంగం ప్రకారం వసంతానికి ఇంకా చాలా దూరం. చేను మాత్రం పంచాంగం కోసం ఆగదు. యాసంగి తెల్లజొన్న పాలుపోసుకుని గింజ గట్టిపడేదీ, కుసుమ పసుపుపచ్చగా విచ్చుకునేదీ, గట్ల మీద మోదుగు మొగ్గ తొడిగేదీ ఈ రోజుల్లోనే. అంతకు కొద్దివారాల ముందే ఎల్లమాస పండుగకు, పక్కనున్న బీదర్ జిల్లాలో లాగే, ఇంటిల్లిపాదీ చేలోకి వెళ్లి నిలబడ్డ పైరుకు మొక్కి అక్కడే తిని వచ్చి ఉంటారు. వానకాలం పంట ఇల్లు చేరింది, యాసంగి పంట కళ్ల ముందుంది. వచ్చే ఏటికి ఏ గింజ దాచాలో తేల్చుకోవాల్సిన సమయం సరిగ్గా ఇదే. ఈ జాతర తేదీ పర్యాటకుల సెలవులు చూసి పెట్టింది కాదన్నమాట.

హైదరాబాద్‌లోనూ ఈ కాలంలో ఇలాంటి సందడికి కొదవ ఉండదు. ఆర్గానిక్ మేళాలు, మిల్లెట్ ఫెస్టివళ్లు, మిద్దెతోటల సభలు వరసగా వస్తాయి. గుడ్డ సంచులు, వెదురు బ్రష్షులు, కొర్రల ఇడ్లీ, సామల బిర్యానీ. వాటిని వెక్కిరించడం నా ఉద్దేశం కాదు. ప్లాస్టిక్ కవరు వద్దని ఒక పిల్లాడు అక్కడ నేర్చుకున్నా మేలే. అయితే ఆదివారం సాయంత్రం స్టాళ్లు ఎత్తేశాక వాటికి మిగిలే పని ఏమిటని అడిగితే సమాధానం దొరకదు. వచ్చిన వాళ్లు కొనుక్కుని వెళ్తారు, అమ్మిన వాళ్లు లెక్క చూసుకుని వెళ్తారు, ఇద్దరికీ మళ్లీ ఏడాది దాకా సంబంధం లేదు. పాత పంటల జాతరను కూడా ఇదే కోవలో వేసి, ఫొటోలకు బాగుండే గ్రామీణ వేడుకగా చూపించడం మన పత్రికలకూ చానళ్లకూ అలవాటైంది. దాని బలం ఉన్నది ఆ ఫొటోలో కనబడని చోట.

మొదటగా, ఆ కుండల్లోని విత్తనానికి ధర లేదు. కావలసిన వాళ్లు ఊళ్లో విత్తనం దాచే ఆమె దగ్గర కొలిపించుకుని తీసుకుపోతారు. పంట వచ్చాక తీసుకున్నదానికన్నా ఎక్కువ కొలిచి తిరిగి ఇస్తారు. వేపాకు, బూడిద కలిపి, మట్టీ పేడా అలికిన గంపల్లో దాస్తారు. బండి మీద ఒక రకం కనిపించిందంటే నిరుడు ఎవరో దాన్ని వేశారు, పురుగు పట్టకుండా కాపాడారు, బాకీ తీర్చారు అని అర్థం. కనబడకపోతే అదీ ఊరందరికీ తెలిసిపోతుంది. ఒకరకంగా ఇది వీధిలో, డప్పుల మోతలో జరిగే ఆడిట్. ఫలానా కంది మా ఊళ్లో పోయిందని ఒకామె అంటే, మా ఊళ్లో ఉంది పంపిస్తానని ఇంకొకామె అనడానికి ఈ నెల రోజుల తిరుగుడు వీలిస్తుంది. రైతు తన విత్తనాన్ని దాచుకోవడానికి, మార్చుకోవడానికి, పంచుకోవడానికి, బ్రాండు పేరు పెట్టకుండా అమ్ముకోవడానికి కూడా 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం హక్కు ఇస్తోంది. ఏటేటా విత్తనం కొనుక్కునే రైతుకు ఆ హక్కు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. ఈ సంఘాల మహిళలు దాన్ని రోజూ వాడుకుంటున్నారు.

వీళ్లలో ఎక్కువమంది దళిత మహిళలు. ఎకరం, రెండెకరాల చెలక, అదీ చాలాచోట్ల ఎవరూ ఆశపడని గరుసు నేల. అలాంటి నేలలో ఒకే పంట వేయడమంటే జూదమే. అందుకే జొన్న, కంది, పెసర, అనుము, బొబ్బర, పుంటికూర, నువ్వు అన్నీ సాళ్లలో కలిపి వేస్తారు. ఒక్క చిన్న చెలకలో పది పదిహేను రకాలు కనిపించడం ఇక్కడ వింత కాదు. వాన ముందొచ్చి ఆగిపోతే ఒకటి నిలుస్తుంది, ఆలస్యమైతే మరొకటి. యాసంగిలో నీళ్లు పెట్టకుండా, భూమిలో మిగిలిన పదునూ మంచూ ఆసరాగా పండే శనగ, కుసుమ, తెల్లజొన్న, అవిశలను వీళ్లు సత్యం పంటలంటారు. వ్యవసాయ శాఖ లెక్క ఎకరానికి ఎన్ని క్వింటాళ్లు అన్న దగ్గరే ఆగుతుంది. ఎడ్లకు దొరికే చొప్ప, కలుపు తీస్తూ కొంగులో వేసుకొచ్చే దొగ్గలి, పొన్నగంటి, తెలగపిండి ఆకు, కంది రాల్చిన ఆకుతో నేలకు అందే సత్తువ ఏ పట్టికలోనూ ఉండవు. కలుపుమందు కొట్టిన చేలో మొదట మాయమయ్యేవి ఈ కూరలే. పైసా ఖర్చు లేకుండా పేదింటికి దొరికే ఆకుకూర అలా పోయిందని ఏ సర్వే చెబుతుంది?

ఇక తిండి సంగతి. నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించేది ఇదే. ఈ సొసైటీ మొదలైంది 1983లో. ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చిందీ అదే సంవత్సరం. ఆ పథకం లక్షల ఇళ్లలో ఆకలి తీర్చింది, అందులో సందేహం లేదు. గటుక తాగి పనికిపోయిన తరాలకు తెల్లన్నం ఒక గౌరవం కూడా. కానీ మెట్ట ప్రాంతంలో దాని రెండో ముఖం వేరు. ఇంట్లో పండిన జొన్నకన్నా రేషన్ బియ్యం చవకైనప్పుడు జొన్న వేయడం ఎందుకు? చెలకలు బీడు పడ్డాయి, విత్తనం మరుగున పడింది, కూలి దొరకని నెలల్లో ఇల్లు గడవడం రేషన్ షాపు తాళం మీద ఆధారపడింది. 1990ల నడుమ ఈ సంఘాలు కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ సాయంతో తమ సొంత ధాన్యం పంపిణీ నడిపాయి. బీడు భూములున్న చిన్న రైతులకు దుక్కికీ ఎరువుకూ అప్పిచ్చి సాగులోకి తెచ్చారు. ఆ అప్పును డబ్బుగా కాక జొన్నలుగా తిరిగి తీసుకున్నారు. వాటిని ఊళ్లోనే దాచి, కరువు నెలల్లో పేద ఇళ్లకు తక్కువ ధరకు ఇచ్చారు. ఎవరు ఎంత పేదవారన్నది కూడా ఊళ్లోనే కూర్చుని తేల్చారు. పండించేదీ, దాచేదీ, తినేదీ ఒకే ఊరు. పంజాబ్ గోదాముల నుంచి ధాన్యం రావాల్సిన పని లేదు, రవాణా ఖర్చు లేదు. జాతర గురించి రాసే వాళ్లు కోలాటం దగ్గర ఆగకుండా ఈ లెక్క దాకా వస్తే బాగుండును.

ఇంకో మాట చెప్పకుండా ముందుకు పోలేను. బండి వచ్చిన ఊళ్లో జనాన్ని కూర్చోబెట్టి మాట్లాడేది ఈ మహిళలే. వాళ్లలో చాలామంది బడి మొహం చూడని వాళ్లు. వరంగల్ ప్రాంతంలో బీటీ పత్తి రైతుల నష్టాలను కెమెరా పట్టుకుని చిత్రీకరించింది ఈ సంఘాల వాళ్లే. 2008 నుంచి మాచునూర్‌లో సంఘం రేడియో నడుపుతున్నదీ వాళ్లే. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి ఈ సొసైటీకి వచ్చింది. దళిత మహిళ చేతి గింజ కోసం ఊరు బారులు తీరడం, ఆమె చెబితే పెద్ద రైతులు వినడం ఈ జాతర సాధించిన వాటిలో చిన్నదేమీ కాదు. పర్యావరణ వ్యాసాల్లో ఈ సంగతి ఎందుకో ఒక వాక్యంలో తేలిపోతుంటుంది.

అయినా జాతర తిరిగే దారి ఏడాదికేడాది మారిపోతోంది. చెరకు, పత్తి, సోయాబీన్ పెరిగాయి. జాతీయ పెట్టుబడులు, తయారీ మండలి (నిమ్జ్) అనే భారీ పారిశ్రామిక వాడ పేరిట ఝరాసంగం, న్యాల్‌కల్ మండలాల్లో 12,635 ఎకరాలు గుర్తించారు. ఫార్మా పరిశ్రమలకు భూములివ్వబోమని న్యాల్‌కల్ మండల రైతులు 2024లో రోడ్డెక్కారు. విత్తనాన్ని గంపలో దాచవచ్చు, భూమిని దాచలేం కదా. జీవవైవిధ్యానికి ఒక ప్రభుత్వ శాఖ అవార్డు ఇస్తుంది, అదే మండలంలో మరో శాఖ భూసేకరణ నోటీసు ఇస్తుంది. రెండూ ఒకే ప్రభుత్వ ముద్రతో.

ధరల విషయం ఇంకా విచిత్రం. 2024-25కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర సాధారణ వరికి క్వింటాకు 2,300 రూపాయలు, హైబ్రిడ్ జొన్నకు 3,371. కాగితం మీద జొన్నదే పైచేయి. మరి రైతు వరికే ఎందుకు పోతాడు? ఎకరా దిగుబడి వరికి చాలా ఎక్కువ, 2018 నుంచి సాగుకు 24 గంటల ఉచిత కరెంటు ఉంది. అన్నిటికీ మించి వడ్లు కొనే కేంద్రం ఊరి పక్కనే తెరుస్తారు. సన్న వడ్లకయితే పైన 500 బోనస్ కూడా. జొన్నకు అంత నమ్మకంగా కొనే నాథుడు లేడు. కొర్రకూ సామకూ అసలు కేంద్రం ప్రకటించే మద్దతు ధరే లేదు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది, కేంద్రం శ్రీఅన్న అని పేరు పెట్టింది, ఢిల్లీలో మార్చిలో ప్రపంచ సదస్సు జరిగింది. అదే మార్చిలో, దూరదర్శన్ కొలువు వదిలి వచ్చి ఈ సొసైటీని నిలబెట్టిన వాళ్లలో ముఖ్యుడు పి.వి.సతీష్ కన్నుమూశారు. ఆ ఏడాది సందడిలో కొర్రలు సూపర్ మార్కెట్ అరల్లో సన్నబియ్యాన్ని మించిన ధర పలికాయి. తరతరాలు వాటిని తిన్న ఇంట్లో మాత్రం రేషన్ బియ్యమే వండుతున్నారు.

ఆహార భద్రత చట్టం 2013లోనే ముతక ధాన్యాలను కిలో రూపాయికి ఇవ్వవచ్చని రాసుకుంది. కర్ణాటక కొన్ని జిల్లాల్లో రేషన్‌లో రాగులూ జొన్నలూ ఇస్తోంది. ఒడిశా 2017లో మిల్లెట్ మిషన్ పెట్టి, గిరిజన జిల్లాల్లో రాగులు కొని, రేషన్ దుకాణాలకూ కొన్నిచోట్ల అంగన్‌వాడీలకూ చేర్చింది. తెలంగాణ 2025 ఉగాది నాడు మనిషికి ఆరు కిలోల చొప్పున సన్నబియ్యం మొదలుపెట్టింది. తినలేని దొడ్డుబియ్యాన్ని దళారికి అమ్ముకునే దుస్థితి దీంతో తగ్గిందన్నది నిజం, మంచిదే. అందులో ఒక కిలో, కనీసం జహీరాబాద్, నారాయణఖేడ్ వంటి మెట్ట నియోజకవర్గాల్లోనైనా, అక్కడే పండిన జొన్నగా ఇవ్వడానికి అడ్డేమిటన్నదే నా ప్రశ్న. అడిగిన వాళ్లకు జొన్న, వద్దన్న వాళ్లకు బియ్యం. బలవంతం అక్కర్లేదు.

జొన్న ఇస్తే ఎవరు తింటారని అధికారులు అంటారు. ఆ మాటను తేలిగ్గా కొట్టిపారేయలేం. పాత తిండి గురించి పట్నంలో కూర్చుని పరవశించే వాళ్లు మరిచిపోయేది ఒకటుంది. కొర్ర, సామ, ఆరికల పొట్టు తీయడం ఒళ్లు హూనమయ్యే పని. రోలూ రోకలితో గంటలకొద్దీ దంచి, చెరిగి, మళ్లీ దంచాలి. ఆ పని ఏనాడూ మగవాళ్లది కాదు. బియ్యం రాగానే ఆడవాళ్లు రోకలి పక్కన పడేశారంటే తప్పు వాళ్లది ఎలా అవుతుంది? ఒడిశా అనుభవంలో మనం చూడాల్సింది కూడా ఇక్కడే ఉంది. అక్కడ కొనుగోలుతో పాటు మహిళా సంఘాల చేతికి శుద్ధి యంత్రాలు కూడా ఇచ్చారు. మన దగ్గర వడ్ల మిల్లు లేని మండలం అరుదు, కొర్రల పొట్టు తీసే మర ఉన్న మండలం అంతకన్నా అరుదు. పండించిన రైతు బస్తా కట్టుకుని ఎక్కడికో పోవాలి, లేదా దళారి అడిగిన ధరకు పొట్టుతోనే అమ్ముకోవాలి. ఆ గింజే నగరంలో పాలిష్ అయి ప్యాకెట్‌లో తిరిగొస్తుంది.

జాతర ముగింపు సభకు ఏటా అతిథులు వస్తుంటారు. వేదిక మీద పాత పంటలను పొగడటానికి వాళ్లకు మాటలు వెతుక్కోవాల్సిన పని ఉండదు. ఈసారి వచ్చే ప్రభుత్వ ప్రతినిధి ఆ పొగడ్త మానేసి, ఝరాసంగం, న్యాల్‌కల్, రాయికోడ్ మండలాల్లో ఒక్కో పొట్టు తీసే మరకు నిధుల ఉత్తర్వు చేతిలో పట్టుకుని వస్తే చాలు. దాన్ని నడపడానికి, లెక్కలు రాయడానికి, చెడిపోతే బాగు చేయించుకోవడానికి కావలసిన సంఘాలు అక్కడ నలభై ఏళ్ల నుంచి ఉన్నాయి.