బల్లలు కలిపితే చాలదు

హైస్కూల్లో గ్రూప్ వర్క్ అనగానే చాలామంది తల్లిదండ్రులు విసుక్కుంటారు. పనంతా ఒక్కరే చేస్తారు, మిగతా ముగ్గురూ పేరు రాయించుకుంటారు, మార్కులు మాత్రం అందరికీ సమానం. ఆ ఫిర్యాదు న్యాయమైనదే. కానీ ఆ కోపంతో పిల్లలు కలిసి చదవడం, రాయడమే వద్దంటే ఒప్పుకోలేను. నలుగురిని ఒకచోట కూర్చోబెట్టి ఒక కాగితం చేతిలో పెట్టినంత మాత్రాన అది సహకార అభ్యసనం, అంటే ఒకరికొకరు సాయపడుతూ నేర్చుకోవడం, అయిపోదు.

దీని మీద దశాబ్దాలు పనిచేసిన అమెరికన్ విద్యా పరిశోధకుడు రాబర్ట్ స్లావిన్ రెండు షరతులు పెట్టాడు. గ్రూపుకు ఉమ్మడి లక్ష్యం ఉండాలి. ఆ లక్ష్యం నెరవేరడం ప్రతి ఒక్కరూ విడిగా ఎంత నేర్చుకున్నారన్న దాని మీద ఆధారపడాలి. ఆయన పద్ధతుల్లో ఒకదానిలో పరీక్ష ఎవరిది వాళ్లే రాస్తారు. తమ పాత సగటు కంటే ఎంత మెరుగయ్యారో చూసి, గ్రూపుకు ఆ పాయింట్లు కలుపుతారు. వెనకబడిన పిల్లవాడు కూడా గ్రూపుకు పాయింట్లు తేగలడు. బాగా చదివే అమ్మాయి వాడికి జవాబు అందించి ఊరుకుంటే లాభం లేదు, అర్థమయ్యేలా చెప్పాలి. అలా విడమరిచి చెప్పడంలో ఆమెకూ పాఠం గట్టిపడుతుంది.

చదవడం విషయంలో నాకు బాగా నచ్చింది పరస్పర బోధన. పాలిన్‌సర్, బ్రౌన్ అనే ఇద్దరు పరిశోధకులు 1984లో దీని గురించి రాశారు. అక్షరాలు గడగడా చదివేస్తారు గానీ చదివింది అర్థం చేసుకోలేరు, అలాంటి ఏడో తరగతి పిల్లలతో చేసిన పని అది. పేరా చదివాక ఒకరు ప్రశ్న వేయాలి, సారాంశం చెప్పాలి, అర్థంకానిది తేల్చుకోవాలి, తర్వాత ఏం వస్తుందో ఊహించాలి. మొదట టీచర్ చేసి చూపిస్తారు. తర్వాత పిల్లలే వంతులవారీగా నడుపుతారు.

వీటిలో ‘అర్థంకానిది తేల్చుకోవడం’ దగ్గరే నా మనసు ఆగుతుంది. పద్నాలుగేళ్ల పిల్లవాడు క్లాసందరి ముందు చెయ్యెత్తి ‘ఈ మాట నాకు తెలీదు’ అనడు. తలవంచుకుని పేజీ తిప్పేస్తాడు. అలా ఏళ్లు గడిచిపోతాయి, సైన్సు పాఠమూ చరిత్ర పాఠమూ కొరుకుడుపడవు, చివరికి వాడికి చదువు మీద ఆసక్తి లేదని మనమే తేల్చేస్తాం. నలుగురి మధ్య, అర్థంకాని వాక్యం వెతకడమే వాడికి అప్పగించిన పని అయినప్పుడు, అడగడంలో నామోషీ ఉండదు.

1971లో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఇలియట్ ఆరన్సన్ మొదలుపెట్టిన జిగ్‌సా పద్ధతి కూడా మంచిదే. పాఠంలో ఒక్కొక్కరు ఒక్కో భాగం నేర్చుకుని మిగతావాళ్లకు చెబుతారు. అయితే చదవడం నేర్పడానికి అదొక్కటే చాలదనుకుంటాను. తమ భాగం తప్ప మిగతాదంతా విని వదిలేసే ప్రమాదం ఉంది, తర్వాత పాఠం మొత్తం ఎవరికి వారు చదవాల్సిందే.

రాయడంలో ఇంకా జాగ్రత్త కావాలి. ఆలోచనలు కలిసి వెతకవచ్చు, వాదించుకోవచ్చు. చిత్తుప్రతి మాత్రం ఎవరిది వాళ్లే రాయాలి. తర్వాత ఒకరిది ఒకరు చూసుకోమంటే చాలా క్లాసుల్లో జరిగేదేమిటి? ‘బాగుంది’ అని రాసి ఇచ్చేస్తారు, లేదా రెండు స్పెల్లింగులు దిద్దుతారు. దానికి బదులు చదివిన పిల్ల, తనకు ఏం అర్థమైందో తన మాటల్లో చెప్పాలి. రాసినవాడు తను అనుకున్నదీ ఆమెకు అందినదీ ఒకటి కాదని అక్కడికక్కడే వింటాడు. మార్జిన్‌లో ఎర్రసిరాతో టీచర్ రాసిన ‘స్పష్టత లేదు’ అన్న మాట ఆ పని చేయలేదు. స్పెల్లింగులూ కామాలూ ఆఖర్న చూసుకోవచ్చు.

ఇవి కుదురుకోవడానికి వారాలు పడుతుంది. మొదట్లో గోల ఉంటుంది, పాఠాలు నెమ్మదిగా సాగుతాయి. అప్పుడే టీచర్ మీద సిలబస్ ఒత్తిడి పెరుగుతుంది, మన ఫిర్యాదులూ మొదలవుతాయి. ఈసారి పేరెంట్ మీటింగ్‌లో గ్రూప్ వర్క్ ఎందుకని అడిగే ముందు రెండు ప్రశ్నలు వేయండి: మా అమ్మాయి సొంతంగా ఏం రాసిందో మీరు విడిగా చూస్తున్నారా? పక్కవాళ్లకు పాఠం ఎలా వివరించాలో వాళ్లకు ముందు చేసి చూపించారా? రెండింటికీ అవునని జవాబు వస్తే, ఆ టీచర్‌కు ఒక టర్మ్ సమయం ఇవ్వండి.