నిన్న రాసిన ప్రాచీన సంగీతం

మధ్యయుగపు స్లావుల, అంటే రష్యా, తూర్పు ఐరోపా జనాల, జీవితం మీద పాత వాద్యాలతో కొత్త సంగీతం కట్టేవాళ్లను చూసి కొందరు నవ్వుతున్నారు. ఇది అన్యాయం. సంగీత లోకంలో ఇంత భద్రమైన వృత్తి మరొకటి లేదు. మోజార్ట్‌ని తప్పు వాయిస్తే, స్వరలిపి చేతపట్టుకుని పట్టేయడానికి పదిమంది కాచుకుని ఉంటారు. 12వ శతాబ్దంలో రష్యా నగరం నోవ్‌గొరోద్ బజారులో గూస్లీ అనే తంత్రీవాద్యం మీద ఏం మోగిందో చెప్పి తప్పుపట్టేవాడెవడు? చర్చివాళ్లు తమ కీర్తనలకు గుర్తులు రాసుకున్నారు గానీ, ఊరూరా తిరిగి ఆడిపాడే స్కొమొరోఖుల పాటకు ఒక్క స్వరం రాసిపెట్టలేదు. కాబట్టి మనవాళ్లు ఏం వాయించినా ప్రామాణికమే.

ఈ సౌకర్యంలో రష్యా చక్రవర్తి జార్ అలెక్సీ మిఖాయిలొవిచ్ చెయ్యి కూడా ఉంది. స్కొమొరోఖుల వాద్యాలను విరగ్గొట్టి తగలబెట్టమని 1648లో ఆజ్ఞలిచ్చాడు. మాస్కోలో ఐదు బండ్ల వాద్యాలను నది దాటించి కాల్చారని జర్మన్ యాత్రికుడు ఒలేరియస్ రాశాడు. సాక్ష్యాన్ని ఇంత శుభ్రంగా ఊడ్చిపెట్టిన మహానుభావుడికి నేటి స్వరకర్తలు ఒక పూలదండ కూడా వేయరు. పోనీలెండి.

నోవ్‌గొరోద్ నేల మాత్రం మాట వినలేదు. ఆ తడిమట్టిలో గాలాడక కొయ్య కుళ్లదు. తవ్వకాల్లో గూస్లీలు, కమానుతో వాయించే గుదోక్‌ల ముక్కలు బయటపడ్డాయి. 11వ శతాబ్దపు గూస్లీ ఒకదాని మీద ‘స్లోవిషా’ అన్న పేరు కూడా చెక్కి ఉంది. ఈ ముక్కలను పట్టుకుని వ్లదీమిర్ పొవేత్కిన్ ఏళ్ల తరబడి వాద్యాలను మళ్లీ నిలబెట్టాడు. ఆ ఓపిక ముందు వ్యంగ్యం కూడా కాసేపు నోరు మూసుకోవాలి. అయినా శ్రుతిని ఏ మట్టీ భద్రపరచలేదుగా! స్వరకర్తకు ఢోకా లేదు.

ఇంతకీ ఈ సంగీతంలో స్లావులు ఏం చేస్తుంటారు? పొగమంచులో నిలబడతారు. తోడేళ్ల ఊళ వింటారు. డప్పు చప్పుడుకు మంట చుట్టూ తిరుగుతారు. పక్కనే ఒక్కోసారి ఐరిష్ బుజూకీ అనే తంత్రీవాద్యం మోగుతుంది. అది గ్రీసు నుంచి ఐర్లండ్ చేరిందే 1960ల్లో. చెక్కదే కదా, ప్రాచీనమే అనుకోవాలి. రష్యా తంత్రీవాద్యం బలలైకా పేరు 1688కి ముందు ఏ కాగితంలోనూ కనబడదని గొణిగే చాదస్తులకు టికెట్లు అమ్మకూడదు.

అసలు స్లావులేమో భూర్జ బెరడు మీద ఉత్తరాలు రాసుకున్నారు. 1951 నుంచి నోవ్‌గొరోద్‌లో అలాంటివి వెయ్యికి పైగా దొరికాయి. పొగమంచు కోసం వెతికితే బాకీల లెక్కలు తగులుతాయి. ఎవడు ఎంత ఇవ్వాలి, ఎవడు ఎగ్గొట్టాడు, ఇదే గొడవ. 13వ శతాబ్దంలో ఓన్ఫిమ్ అనే పిల్లాడు అక్షరాలు దిద్దడం విసుగెత్తి, గుర్రమెక్కి శత్రువును పొడిచే వీరుడిగా తన బొమ్మ తానే గీసుకున్నాడు. 11వ శతాబ్దపు ఒకామె, మూడుసార్లు కబురు పంపినా ఈ వారం రాలేదేమని ఒకణ్ని నిలదీసింది.

అందుకే నా డిమాండ్ ఒక్కటే: ‘వడ్డీతో సహా’ అనే కృతి వెంటనే రాయాలి. గూస్లీ మీద లెక్కలు నడవాలి. గుదోక్ మూడుసార్లు కబురు పంపాలి, జవాబుగా ఏదీ మోగకూడదు. డప్పు తలుపు తట్టాలి, బాకీదారు తియ్యకూడదు. తోడేలు లేనిదే ఆల్బమ్ అమ్ముడుపోదంటారా, అప్పిచ్చినవాడికి ఆ పాత్ర ఇవ్వండి.