క్లాసు ఇంగ్లిషే, పేషెంటే కాదు

నీట్ ఫలితాలు వచ్చాయంటే విశాఖ ద్వారకానగర్‌లో విదేశీ ఎంబీబీఎస్ హోర్డింగులు వెలుస్తాయి. కిర్గిజ్‌స్తాన్, జార్జియా, రష్యా, ఏ దేశమైనా కింద ఒకటే మాట: 'పూర్తి ఇంగ్లిష్ మీడియం, ఇండియన్ మెస్'. సెమినార్‌కు వెళ్తే అక్కడ చదువుతున్న పిల్లల వీడియోలు వేస్తారు. కాలేజీ బావుంది, పాఠాలు బావున్నాయి అంటారు వాళ్లు. అబద్ధమేం కాదు. చూస్తే చాలామంది మొదటి, రెండో ఏడాది వాళ్లే. అప్పటికి నిజంగానే అంతా బావుంటుంది.

అనాటమీ, ఫిజియాలజీ పుస్తకాలు ఇక్కడైనా అక్కడైనా ఇంచుమించు అవే. టీచర్ యాస అర్థం కాకపోతే రాత్రికి యూట్యూబ్ ఉంది. అసలు చిక్కు వార్డులో అడుగుపెట్టాక మొదలవుతుంది. మంచం మీదున్న మనిషికి ఇంగ్లిష్ రాదు. నొప్పి ఎప్పుడు మొదలైంది, ఎటు పాకింది, రాత్రి నిద్రపట్టిందా? డాక్టరు చదువులో సగం ఈ ప్రశ్నలే. అవి అడగాల్సినచోట మనవాడు వెనక నిలబడి, లెక్చరర్ ఇంగ్లిష్‌లో చెప్పే రెండు ముక్కలు రాసుకుంటాడు. కిర్గిజ్‌స్తాన్ రాజధాని బిష్కెక్‌లో చదివొచ్చిన మా వీధి అమ్మాయి ఒక్క ముక్కలో తేల్చేసింది: "క్లాసు ఇంగ్లిషే అంకుల్, పేషెంటే కాదు."

జాతీయ వైద్య కమిషన్ 2021 నవంబరులో తెచ్చిన నిబంధనల ప్రకారం కోర్సు కనీసం 54 నెలలు, బోధన ఇంగ్లిష్‌లోనే, ఆపైన అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్. తిరిగొచ్చాక ఇక్కడ మరో 12 నెలలు. బోధన భాషకు రూలు పెట్టొచ్చు, రోగి భాషకు పెట్టలేం కదా. విదేశాల్లో చదివినవాళ్లు ఇక్కడ ప్రాక్టీసు చేయాలంటే రాయాల్సిన ఎఫ్ఎంజీఈ పరీక్షకూ ఈ లోటు దొరకదు. 300 ప్రశ్నల్లో 150 సరిగ్గా గుర్తిస్తే పాస్. చాలా విడతల్లో నాలుగోవంతు మంది కూడా గట్టెక్కలేదు, నిజమే. దానికి భాష ఒక్కటే కారణమనను. కోవిడ్, ఉక్రెయిన్ యుద్ధం వల్ల ఆన్‌లైన్‌లో గడిచిన ఏళ్లున్నాయి, అసలు నీట్ ర్యాంకులే అంతంతమాత్రం అయినవాళ్లున్నారు. కానీ ఆ పరీక్ష పాసైనవాళ్లు కూడా రోగితో మాట్లాడగలరని రుజువు లేదు.

మన దగ్గర భాష గొడవ లేదా అంటే ఉంది. విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్‌కు శ్రీకాకుళం నుంచి, పాడేరు కొండల నుంచి, ఒడిశా నుంచి జనం వస్తారు. 1923లో మొదలైన ఆంధ్రా మెడికల్ కాలేజీ పిల్లలు ఆ వార్డుల్లోనే చదువు నేర్చుకుంటున్నారు. 'నీరసంగా ఉంది బాబూ' అన్న మాట వెనక రక్తహీనత ఉండొచ్చు, షుగరు ఉండొచ్చు, ఇంట్లో గొడవా ఉండొచ్చు. ఏ నీరసమో రాబట్టడం పుస్తకం చదివితే వచ్చేది కాదు.

అందుకే, చదువు నచ్చిందా అని రెండో ఏడాది వాళ్లను అడిగి లాభం లేదు. ఐదో ఏడాది వాళ్లను పట్టుకుని, ఈ నెలలో ఎంతమంది రోగులతో మీరే స్వయంగా మాట్లాడారని అడగాలి. ఇంకోటి, అమ్మానాన్నలకు నచ్చదేమో గానీ చెప్పాలి. ఇండియన్ మెస్, తెలుగు రూమ్మేట్లు, తెలుగు వాట్సాప్ గ్రూపు మధ్య ఆరేళ్లుంటే అక్కడి రోగుల భాష ఎక్కణ్నుంచి వస్తుంది? మనం సౌకర్యమని డబ్బు కట్టేదే అక్కడ అడ్డుగోడవుతోంది.

మా వీధి అమ్మాయికి బిష్కెక్‌లో మాట్లాడే రష్యన్ నేర్పింది కాలేజీ కాదట. బజారులో కూరగాయలమ్మే ఒక ముసలావిడ. బేరమాడుతూ నేర్చుకుంది. నాలుగో ఏడాదికల్లా, వార్డులో కొత్త పేషెంట్ వస్తే ప్రొఫెసర్ ఆమెనే ముందుకు రమ్మనేవారట.