సాసు సీసా, బావ తెల్ల చొక్కా

మా పర్లాకిమిడి పెళ్లిళ్లలో విస్తరి పడేసరికి రాత్రి పదకొండవుతుందని మా బావకి బాగా తెలుసు. అందుకే పాతపట్నం నుంచి దిగీ దిగగానే, కొత్త తెల్ల చొక్కాతోనే నన్ను నూడుల్స్ బండి దగ్గరికి లాక్కుపోయాడు. నేను నోరు మూసుకుని తినొచ్చుగా! ఆకాశం సంగతులు ఎవడు దొరికితే వాడికి చెప్పే జబ్బు నాది.

"గామా కిరణాల పేలుళ్లని ఉంటాయి బావా, కంటికి కనపడని మహా శక్తిమంతమైన వెలుగు మెరుపులు. 1967లో, ఎవరైనా దొంగచాటుగా అణుబాంబు పేలుస్తున్నారేమోనని కాపలా కాస్తున్న అమెరికా వాళ్ల 'వేలా' అనే ఉపగ్రహాలకి మొదట తగిలాయి. అవి అంతరిక్షం నుంచి వస్తున్నాయని తేల్చుకుని 1973లో గానీ బయటపెట్టలేదు."

"ఆరేళ్లా! మీ అక్క దగ్గర ఆరు నిమిషాలు దాగదురా ఏదీ."

అవెలా పుడతాయో చూపిద్దామని సాసు సీసా చేతిలోకి తీసుకున్నాను. ఇది సూర్యుడికి 30 రెట్లు బరువున్న నక్షత్రమనుకో, లోపల ఇంధనం అయిపోయింది, నడిమి భాగం కుప్పకూలి కృష్ణబిలమైంది, దాని చుట్టూ గిర్రున తిరుగుతూ పడే పదార్థంలోంచి రెండు చివరలా సన్నటి ధారలు దాదాపు కాంతి వేగంతో నక్షత్రాన్ని తొలుచుకుని బయటికొస్తాయి అని చెబుతూ నొక్కాను. రాలేదు. మూతి దగ్గర ఎండిన సాసు అట్ట కట్టింది. రెండు చేతులతో నొక్కాను.

టప్‌మంది. బండి చుట్టూ ఎనిమిది మందున్నాం, ఇంకెవరి మీదా చుక్క పడలేదు, మొత్తం బావ జేబు మీదే. నేను చెప్పబోయిందీ అదే! ధార కొన్ని డిగ్రీల వెడల్పే, దానికి ఎదురుగా ఉన్నవాళ్లకే ఆ మెరుపు, పక్కనున్నవాళ్లకి మహా అయితే తర్వాత సూపర్‌నోవా, అంటే నక్షత్రం పేలిన వెలుగు. బండివాడైతే చప్పుడు విని "కొణొ హెలా?" అని ఒడియాలో ఏమైందని అడిగాడంతే.

కంగారులో నా చెయ్యి వదల్లేదు, రెండు సెకన్లు దాటింది. గామా మెరుపు అంతసేపు దాటితే దీర్ఘ పేలుడంటారు, ఎక్కువగా చచ్చే పెద్ద నక్షత్రాల పనే. అదీ చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

"2022 అక్టోబరు 9న వచ్చిందైతే బావా, రెండు వందల కోట్ల కాంతి సంవత్సరాల అవతల నుంచి వచ్చి మన పైవాతావరణాన్నే కదిపింది."

"నాకూ నీకూ మధ్య రెండడుగులేరా ఉంది!"

గ్లాసుడు నీళ్లు పోసి తుడిస్తే మరక పొట్టదాకా పాకింది. పెళ్లి పందిట్లో అక్క చూడనే చూసింది.

"ఏటండీ, కుంకుమ జేబు మీద ఒలకబోసుకున్నారేటి?"

"మీ తమ్ముణ్ణడుగు. ఏదో నక్షత్రం చచ్చిందట."