బాబాయ్ గారి స్కాట్లాండ్ యార్డ్

నిన్న గృహప్రవేశం భోజనాల్లో, నా విస్తట్లో పప్పు పడుతుండగా మా బాబాయ్ అన్న మాట ఇది: "ఇక్కడి పోలీసులకు చెప్పుకుని ఏం లాభంరా? అదే స్కాట్లాండ్ యార్డ్ అయితే సాయంత్రానికి నీ స్కూటీ గుమ్మం ముందు ఉండేది." బంతిలో అందరూ తలలూపారు. పోయిన వారం కూరగాయల మార్కెట్ దగ్గర స్కూటీ పోయి నేను ఏడుస్తుంటే, ఈయన లండన్ వైభవం మొదలు! కొడుకు దగ్గర పది రోజులుండి, స్కాట్లాండ్ యార్డ్ అనే ఆ లండన్ పోలీసు హెడ్ ఆఫీసు ముందు తిరిగే బోర్డు పక్కన సెల్ఫీ దిగొచ్చినప్పటి నుంచి ఇదే గోల.

పెద్దాయన కదా అని అక్కడ నోరు మూసుకున్నాను. ఇక్కడ మూసుకోను.

బాబాయ్, ముందు అది స్కాట్లాండ్‌లో లేదు. 1829లో రాబర్ట్ పీల్ లండన్ పోలీసులను పెట్టినప్పుడు ఆఫీసు వైట్‌హాల్ ప్లేస్‌లో 4వ నంబరు ఇల్లు. దాని వెనక వాకిలి గ్రేట్ స్కాట్లాండ్ యార్డ్ అనే వీధిలోకి ఉండేది. ఆ పేరే ఖాయమైపోయింది. అంటే ప్రపంచమంతా దండం పెడుతున్నది ఒక దొడ్డిగుమ్మానికి! మీ సెల్ఫీలో ఉన్నది వాళ్లకు నాలుగో ఇల్లు, 2016లో మారారు. అంతకుముందు బ్రాడ్‌వేలో ఉన్నదాన్ని 37 కోట్ల పౌండ్లకు అబుదాబీ వాళ్లకు అమ్మేశారు. మా నాన్న అరెకరం అమ్మితే మాత్రం వంశం పరువు పోయిందన్నారు మీరు.

ఇక డిటెక్టివులు. మొదటి పదమూడేళ్లు అసలు ఆ శాఖే లేదు. 1842లో పెట్టారు, ఎనిమిది మందితో. 1877కి ఏమైంది? గుర్రప్పందాల పేరుతో ఒక ఫ్రెంచి ధనవంతురాలిని ముంచిన ముఠా దగ్గర లంచం తిని, వాళ్లకే ముందుగా కబుర్లు పంపారని నలుగురు ఇన్‌స్పెక్టర్లు బోనెక్కారు. ముగ్గురికి రెండేళ్ల కఠిన శిక్ష. ఆ మరుసటి ఏడాది కొత్తగా సీఐడీ అని పేరు పెట్టుకున్నారు. స్కూల్లో ఫెయిలైతే స్కూలు మార్చినట్టు.

బాంబులు పెడుతున్న ఐర్లాండ్ తిరుగుబాటుదారులను పట్టడానికి పెట్టిన ఐరిష్ విభాగం ఆఫీసు కిందే, మరుగుదొడ్డిలో, 1884లో ఆ బాంబుల వాళ్లే బాంబు పెట్టి పోయారు. 1888లో కొత్త హెడ్ ఆఫీసు కడుతుంటే నేలమాళిగలో తల లేని ఆడమనిషి మొండెం దొరికింది. పోలీసుల సొంత స్థలంలో! ఆమె ఎవరో, చంపిందెవరో ఇప్పటికీ తేలలేదు. ఆ శవం దొరికిన చోటే భవనం పూర్తి చేసి, 1890లో సామాన్లు సర్దుకుని హాయిగా దిగారు. గృహప్రవేశంలో పాలు పొంగించారో లేదో మరి. వీళ్లు నా స్కూటీ పట్టుకుంటారు, సాయంత్రానికి!

నాకు అసలు మంట ఇది కాదు. వేలిముద్రలు. 1901లో స్కాట్లాండ్ యార్డ్ వేలిముద్రల విభాగం తెరిచింది, దాంతో వాళ్ల కీర్తి ఆకాశానికెళ్లింది. ఆ విద్య ఎక్కడిది? కలకత్తాది. అక్కడ 1897లోనే మొదలైంది. బెంగాల్‌లోని జల్పాయిగుడి టీ తోటలో మేనేజర్ హత్య జరిగితే, బెంగాలీ పంచాంగం మీద రక్తపు బొటనవేలి ముద్ర దొరికింది. దాన్నిబట్టి ఒకడి మీద హత్య కాకపోయినా దొంగతనం రుజువై 1898లో శిక్ష పడింది. అన్ని వేల ముద్రలను 1024 గళ్లలో సర్దే లెక్క వేసింది అక్కడి పోలీసు ఉద్యోగి అజీజుల్ హక్, ఆయనతో పనిచేసింది హేమచంద్ర బోస్. పేరు మాత్రం హెన్రీ పద్ధతి! బెంగాల్ పోలీసు పెద్ద ఎడ్వర్డ్ హెన్రీ లండన్ వెళ్లి 1903కల్లా కమిషనరు అయ్యాడు. హక్, బోస్‌లకు ఎప్పటికో ఒక ఖాన్ బహదూర్ బిరుదు, ఒక రాయ్ బహదూర్ బిరుదు.

నిన్న గృహప్రవేశం జరిగిన స్థలం సంగతి కూడా చెప్పాలిప్పుడు. తాతగారి స్థలానికి లింక్ డాక్యుమెంట్ దొరకడం లేదని అందరూ చేతులెత్తేస్తే నాలుగు నెలలు రిజిస్ట్రార్ ఆఫీసు చుట్టూ తిరిగింది ఎవరు? ఈసీలు తీయించి, పాత పుస్తకాల దుమ్ము మింగి, ఆ కాగితం పట్టుకొచ్చింది ఎవరు? ఆ ఎండల్లో నన్ను తిప్పింది కూడా ఆ స్కూటీయే. నిన్న శాలువా ఎవరికి కప్పారు? "మా తమ్ముడు లేకపోతే ఈ ఇల్లు లేదు" అని మా పెదనాన్న కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. తమ్ముడుగారు కాదనలేదు. నావైపు చూసి, "ఏరా, ఒక ఫొటో తీయి" అన్నాడు. తీశాను.

స్కూటీ నంబరు కింద కామెంట్‌లో పెడుతున్నాను. బూడిద రంగు, ఎడమ అద్దం లేదు. ఎవరికైనా కనిపిస్తే నాకే చెప్పండి. బాబాయ్‌కి చెప్పారంటే, రేపు తనే పట్టుకున్నానంటాడు.