బెంగ కాదు, పెనం

తెలుగు సినిమాలో ప్రేమ పుట్టిందనడానికి రుజువు ఒక పంజరం. హీరో దానికి ఎర్ర రిబ్బను కట్టి తెస్తాడు. లోపల "లవ్ బర్డ్స్" జంట: నీలంది ఒకటి, పచ్చది ఒకటి. "ఒకటి పోతే రెండోది బతకదట" అని హీరోయిన్ కళ్లు తుడుచుకుంటుంది. కెమెరా దగ్గరికెళ్తుంది. కొంప మునిగేది అక్కడే. ముక్కు మీద, రంధ్రాల చుట్టూ ఉండే మెత్తటి దిమ్మె రెండింటికీ ముదురు నీలం. నీలమైతే మగది, గోధుమ రంగైతే ఆడది. అంటే అమర ప్రేమకు సాక్షులుగా కూర్చున్నది ఇద్దరు బావమరుదులు! వెనక వయొలిన్లు. అంతమంది యూనిట్‌లో ఒక్కరూ ఆ ముక్కు చూడలేదు. పోనీ రెండూ ఆడవైతే? గూడు కట్టుకునే కుండ ఒక్కటే వేలాడదీసి చూడండి, దానికోసం రక్తాలు కారేలా పొడుచుకుంటాయి. సీరియళ్లవాళ్లు ఇంకా ఎందుకు వాడుకోలేదో.

అసలవి లవ్ బర్డ్సే కావు. ఆ పేరుగలవి ఆఫ్రికాలో ఉన్నాయి: పొట్టి తోక, లావు ముక్కు. సన్నటి పొడుగు తోక, రెక్కలమీద నల్ల చారలు ఉంటే అది బడ్జెరిగార్, ఆస్ట్రేలియా ఎండు మైదానాల చిలుక. అక్కడ గుంపులుగా ఎగిరేది పచ్చటిదే. నీలం, తెలుపు పంజరాల్లో పెంచి తీసిన రంగులు. దుకాణంలో మాత్రం "గ్యారంటీ పెయిర్ సార్". నుదుటి చారలు ముక్కుదాకా దిగి ఉన్నాయంటే అది ఇంకా నాలుగు నెలలు నిండని పిల్ల. దానికేం గ్యారంటీ? పూర్తి తెల్లవాటిలో, పసుపువాటిలో మగదానికి పెద్దయ్యాక కూడా నీలం రాదు, గులాబీగానే ఉంటుంది.

ఈజిప్టు సుల్తాను పంపిన కాకటూను, అంటే తురాయి చిలుకను, పవిత్ర రోమన్ చక్రవర్తి రెండో ఫ్రెడరిక్ 1240ల్లో తన డేగవేట గ్రంథంలో బొమ్మ వేయించుకున్నాడు. ఆస్ట్రేలియా ఉత్తరపు కొసో, న్యూగినీ వైపో దాని పుట్టిల్లు. ఎక్కడిదో తెలియకపోయినా ఆయన పిట్టను పిట్టలా చూశాడు.

మనం? నీళ్లకోసం వందల కిలోమీటర్లు ఎగిరే ప్రాణికి జానెడు గుండ్రటి బోను, గుప్పెడు కొర్రలు. కొర్రలే మేపితే కాలేయానికి కొవ్వు పడుతుంది; సున్నం చాలక గుడ్డు కడుపులో అడ్డంపడి చస్తుంది. ఆకుకూర పెట్టడానికి, సున్నం కోసం సముద్రపు నురుగు (కటిల్‌ఫిష్ ఎముక) ముక్క ఒకటి వేలాడదీయడానికి ఏం రోగం? పైగా బోను వంటింట్లో! నాన్‌స్టిక్ పెనం పొయ్యిమీద ఖాళీగా మాడితే ఆ ఆవిరికి నిమిషాల్లో రాలిపోతుంది. మొదట ఒకటి, వెనకే రెండోది. "చూశారా, జోడీ పోయిందని బెంగ పెట్టుకుంది!"

బెంగ కాదురా నాయనా, పెనం!