క్యూలోనే ఉన్నాను కదయ్యా

మొన్న 2025 ఉగాదికి, ఇక్కడ అమెరికాలో మన డాలస్ తెలుగువాళ్ళ పండగలో, స్కూల్ ఆడిటోరియంలో పచ్చడి టేబుల్ దగ్గర జరిగింది చాలామంది చూశారు, కొందరు నవ్వారు కూడా. నవ్విన వాళ్ళ మీద నాకేం కోపం లేదని రాద్దామనుకున్నాను గానీ, ఉంది, కొంచెం.

చూడని వాళ్ళ కోసం చెప్తాను. నేను పార్కింగ్ దొరక్క వెనక లాట్‌కి పోయాను. మా ఆవిడ స్టేజి వెనక పాపకి జడకుప్పెలు కడుతోంది. మా అమ్మ, డెబ్బై రెండేళ్ళ మనిషి, ఒక్కతే పచ్చడి లైన్లో నిలబడింది. వంతు వచ్చింది. టాబ్లెట్ పట్టుకున్న కుర్రాడు, పదిహేనేళ్ళు ఉంటాయేమో, మర్యాదగానే "క్యూఆర్?" అన్నాడు. అమ్మ "క్యూలోనే ఉన్నాను కదయ్యా" అంది. వెనక ఒక్కసారిగా నవ్వులు. అమ్మ కూడా వాళ్ళతో పాటు నవ్వేసి, కొంగు సర్దుకుని, లైన్లోంచి తప్పుకుని గోడవార కుర్చీలో కూర్చుంది. నేను లోపలికి వచ్చి "పచ్చడి తిన్నావా" అంటే "తర్వాత చూద్దాంలే, ఏదో ఫోన్లో చూపించాలిట" అంది.

ఆ పచ్చడిలో వేసిన వేపపువ్వు అమ్మదే. కిందటేడు చైత్రంలో మా పెరట్లో చెట్టు కింద పాత చీర పరిచి, రాలిన పువ్వు ఏరి, మేడ మీద ఎండబెట్టి, గుడ్డ మూటలో కట్టి, నవంబర్‌లో వచ్చేటప్పుడు తెచ్చుకుంది. (కస్టమ్స్ ఫారం సంగతి ఈ వ్యాసంలో అడక్కండి.) కమిటీ వాళ్ళకి ఈసారి ఇండియన్ స్టోర్లో పువ్వు దొరకలేదని తెలిసి, చారుకి దాచుకున్నదంతా పొద్దున్నే పంపించింది. ఆ కుర్రాడికి ఇదెలా తెలుస్తుంది? వాడి తప్పేం లేదు. ఫోన్లో క్యూఆర్ కోడ్ చూపించి స్కాన్ కానిదే గ్లాసు ఇవ్వొద్దని చెప్పింది మనం. అమ్మ ఫోన్లో ఉన్నది ఇండియా నంబరు, మన రిజిస్ట్రేషన్ యాప్ ఓటీపీ పంపేది అమెరికా నంబర్లకి మాత్రమే, అందుకని ఇంట్లో నలుగురి కోడ్లూ నా ఫోన్లోనే ఉన్నాయి, నా ఫోనేమో నాతో పాటు పార్కింగ్ లాట్‌లో తిరుగుతోంది.

ఇదంతా చదివి నేను ఫోన్ల మీద పడి ఏడుస్తున్నానని అనుకోకండి. అమ్మ ఇక్కడ డాలస్ పక్కన ఇర్వింగ్‌లో నెలల తరబడి విసుక్కోకుండా ఉందంటే సగం పుణ్యం యాప్‌లదే. ట్రాన్స్‌లేట్ యాప్‌లో కెమెరా తెరిచి మందు సీసా మీద ఏం రాసుందో తెలుగులో చదువుకుంటుంది. ఆ తెలుగు ఒక్కోసారి చిత్రంగా ఉంటుంది, అయినా భోజనానికి ముందా తర్వాతా అన్నది తెలిస్తే చాలు కదా. గూగుల్ మ్యాప్స్‌లో తెలుగు గొంతు పెట్టిచ్చాను, అది "కుడివైపు తిరగండి" అంటుంటే పార్కు దాకా ఒక్కతే నడిచి వస్తుంది. "నువ్వు చెప్పేదానికన్నా ఆ అమ్మాయి ఓపిగ్గా చెప్తుందిరా" అని నాకో దెబ్బ కూడా వేసింది. వాట్సాప్‌లో టైపు చేయడం మానేసి కీబోర్డు మీది మైకు నొక్కి మాట్లాడేస్తుంది, తెలుగు అక్షరాలు వాటంతటవే పడుతుంటే ఊళ్ళో చెల్లెలికి గర్వంగా పంపిస్తుంది.

పంచాంగం యాప్‌తో మాత్రం పెద్ద గొడవే అయింది. అమ్మ దాంట్లో ఊరు హైదరాబాద్ అని ఉంచుకుంది, అది ఉగాది ఆదివారం మార్చి 30 అంటుంది. నేను ఊరు డాలస్‌కి మార్చితే శనివారం 29 అంది. యాప్ చెడిపోయిందని అమ్మ పట్టు. చివరికి కాగితం మీద లెక్క వేసి చూపించాను: అమావాస్య పోయి పాడ్యమి వచ్చేది మన టైములో శనివారం పొద్దున ఆరు కావస్తుండగా, ఇక్కడ సూర్యోదయం ఏడు దాటాక, అంటే ఆ రోజు సూర్యోదయానికి పాడ్యమి ఉన్నట్టే. అదే క్షణానికి అక్కడ సాయంత్రం నాలుగున్నర, సూర్యోదయం ఎప్పుడో అయిపోయింది, కాబట్టి వాళ్ళ ఉగాది మర్నాడు. అమ్మ అంతా విని "అయితే తిథికి కూడా వీసా ఉందన్నమాట" అంది. పండగలన్నీ వీకెండ్‌కి జరిపే మనకి విశ్వావసు ఉగాది అసలు తిథి నాడే శనివారం వచ్చింది, ఇలా ఎన్నిసార్లు జరుగుతుంది? ఆ సంబరంతోనే అమ్మ తెల్లారకముందే తలంటుకుని, పట్టుచీర కట్టి, మాకన్నా ముందు కార్లో కూర్చుంది.

ఇప్పుడు కమిటీ వైపు నుంచి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ క్యూఆర్ పాపంలో నాకూ వాటా ఉంది. కొన్నేళ్ళ కిందట నేను ఫుడ్ కమిటీలో ఉన్నాను. పేర్లిచ్చింది నాలుగు వందల మంది, వచ్చింది ఆరు వందలు. మధ్యాహ్నం రెండింటికల్లా పులిహోర ఖాళీ, బూరెలు అంతకుముందే ఖాళీ. ఒకాయన నా చేతిలో గరిట చూసి, అందరి ముందూ, "మీరు తిని మిగిల్చింది పెడతారా" అన్నాడు. ఆ రాత్రి ఇంటికొచ్చి అన్నం తినబుద్ధి కాలేదు. తర్వాతి మీటింగ్‌లో కోడ్లు పెడదామంటే చెయ్యెత్తిన వాళ్ళలో మొదటివాణ్ణి నేనే. హాలు అద్దె మనకి తెలుసు, లోపల ఎంతమంది ఉండొచ్చో ఫైర్ వాళ్ళ లెక్కా తెలుసు. లెక్క ఉండాలి. కాదనను.

ఊరి గురించి గొప్పలు చెప్పడం నాకిష్టం ఉండదు. అయినా చెప్తాను. తెనాలి దగ్గర మా ఊళ్ళో ఉగాది నాడు రామాలయం అరుగు మీద పంతులుగారు పంచాంగం చదువుతుంటే, ఇత్తడి గుండిగలోంచి గరిటెడు పచ్చడి చేతిలో పోసేవారు. చేయి చాపడమే టికెట్టు. వేళ్ళ సందుల్లోంచి కారిపోతుంటే మోచేతి దాకా నాకేవాళ్ళం. అయితే ఊరి చివరి పేట వాళ్ళకి మాత్రం మెట్ల కింద నిలబెట్టి పైనుంచి పోసేవారు. చిన్నప్పుడు అది నాకు తప్పనిపించలేదు, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. కాబట్టి అక్కడ అందరికీ తలుపులు తెరిచి ఉండేవని రాయను. ఎవరు ఎక్కడ నిలబడాలో మనం చాలా తేలిగ్గా తేల్చేస్తాం, అది మనకి బాగా అలవాటైన పనే అని మాత్రం అంటాను.

డాలస్‌లో తిరిగే మన డార్ట్ రైలునే తీసుకోండి. టికెట్ కొనడానికి గోపాస్ యాప్ ఉంది, నేను వాడేది అదే. అయినా యాప్ లేని మనిషి కోసం స్టేషన్లో మిషన్ పెట్టారు, నోటు దూరిస్తే టికెట్ వస్తుంది. బస్సెక్కితే డ్రైవర్ పక్కన డబ్బాలో డబ్బులు వేయొచ్చు. ఊరూ పేరూ తెలియనివాళ్ళ కోసం రైలు వాళ్ళకి తట్టిన ఆలోచన, ఇంటికి పిలిచి ఆంటీ, అంకుల్ అనుకునే మనకి తట్టలేదు. హాల్లో చూడండి, సగం పండగ నడిపేది విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మలూ అత్తలూ. తోరణాలు కట్టేది వాళ్ళు, పిల్లలకి పద్యాలు నేర్పేది వాళ్ళు, పంచాంగ శ్రవణంలో కందాయ ఫలాల దాకా ఫోన్ చూడకుండా కూర్చునేది కూడా వాళ్ళే. యాప్‌లో వాళ్ళు నా పేరు కింద "గెస్ట్ 2".

అందుకని కమిటీలో ఉన్న అన్నలకీ అక్కలకీ ఒక మాట. భోజనానికి కోడ్లు ఉంచండి, నేను అడ్డం రాను. పచ్చడికి మాత్రం వద్దు. ఒక్కొక్కరికి రెండు చెంచాలు, దానికి లెక్కేమిటి చెప్పండి? గుమ్మం దగ్గర ఒక టేబుల్ వేయండి, ఫోన్ లేనివాళ్ళు, ఫోన్ ఉన్నా కోడ్ లేనివాళ్ళు అక్కడికి వస్తారు. తెలుగులో "రండమ్మా, ఎవరింటి నుంచి వచ్చారు" అని అడిగి పేరు రాసుకునే మనిషి ఒకరు చాలు. దానివల్ల పది ప్లేట్లు ఎక్కువ ఖర్చయితే నా డొనేషన్‌లో కలుపుకోండి.

అమ్మ మే నెలలో వెళ్ళిపోయింది. మొన్న ఫోన్లో "వచ్చే ఉగాదికి మీ వాళ్ళకి పువ్వు కావాలంటావా, ఎవరైనా వస్తుంటే పంపిస్తాను" అంది. ఆ కుర్చీలో కూర్చున్న సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. వచ్చే ఉగాది 2026 మార్చి 19, గురువారం, ఈసారి అక్కడా ఇక్కడా ఒకటే రోజు. మనం ఎలాగూ ఆ తర్వాతి శనివారమే చేస్తాం. గుమ్మం దగ్గర టేబుల్‌కి మనిషి దొరకలేదన్న మాట రాకుండా నా పేరు ఇప్పుడే రాసుకోండి. రెండు వందల పేజీల నోటుబుక్కు కొన్నాను, పెన్ను కూడా నేనే తెస్తాను.